సూదికొండని పొట్టి చేసిన అన్నదమ్ములు

దుప్పివలసలో పైడమ్మ కొడుకులంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అన్నారు. రోజూ పొద్దున్నే చద్దన్నం ముందు కూచుని ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకునేవారు. “ఊళ్ళో తెలివంతా మనింట్లోనే ఉండిపోయింది. పాపం, పక్కింటివాళ్ళు ఎలా బతుకుతున్నారో!” అని పెద్దవాడు గౌరినాయుడు నిట్టూర్చేవాడు. “ఓ చెంబుడు పంపుదామా అన్నా?” అనేవాడు రెండోవాడు పోలినాయుడు. “వద్దన్నా, మళ్ళీ మనకి తక్కువైతేనో?” అని చిన్నవాడు సన్యాసి ఆపేవాడు.

వాళ్ళకి పెళ్ళాలు లేరా, వాళ్ళు చెప్పరా అంటారు మీరు. ఉన్నారు, ముగ్గురికీ ఉన్నారు. ముగ్గురూ ఆ ఇంటి బావి నీళ్ళే తాగుతున్నారు, ఇంకేం చెప్తారు? మాది పక్క ఊరే కాబట్టి నాకంతా తెలుసు. మధ్యలో నవ్వారంటే మాత్రం చెప్పడం ఆపేస్తాను, ముందే అంటున్నాను.

ఆ ఇంటికో పద్ధతుంది. ఎవరేం చెప్తే అదే చేస్తారు. వెంట్రుకవాసి ఎక్కువ చేయరు, తక్కువా చేయరు. ఒకసారి పైడమ్మ పొలానికి పోతూ “తలుపు చూస్తూ ఉండండిరా” అంది. ఇంకేముంది, ముగ్గురూ సాయంత్రందాకా తలుపుకేసి రెప్ప వేయకుండా చూశారు. ఈలోగా పెరట్లోంచి గేదె వంటింట్లోకొచ్చి, కుడితి అనుకుని పులుసంతా తాగేసింది. “గేదెని చూడమని నువ్వు చెప్పలేదే అమ్మా” అన్నారు. పైడమ్మ కాసేపు ఆలోచించి, “నిజమేరా, చెప్పలేదు” అంది.

పైడమ్మకి తనదంటూ ఇంకో అలవాటుంది. బియ్యం కొలిచాక పైన ఓ గుప్పెడు కలుపుతుంది. నలుగురికైనా గుప్పెడే, నలభైమందికైనా గుప్పెడే. చెప్పకుండా ఎవరైనా వస్తే ఆకలితో పోకూడదు కదా అంటుంది. ఈ గుప్పెడు గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

సూదికొండ మీద వాళ్ళకి జీడితోట ఉంది. ఓ వేసవిలో పట్నంనుంచి జోగారావుగారని ఒక ఆఫీసరు జీపులో దిగాడు. పట్నంలో అప్పుడే కొత్తగా విమానాలు దిగే చోటు కట్టారు. అక్కణ్ణించి రాయపూర్‌కి ఒక చిన్న విమానం వేయబోతున్నారు, దాని దారి సరిగ్గా సూదికొండ మీదుగా పోతుంది. ఆయన కొండెక్కి, మూడు కాళ్ళ సామాను నిలబెట్టి కొలిచి, శిఖరం మీదున్న బండకి సున్నం పూసి దానిమీద ఎర్రరంగుతో ఎత్తు రాశాడు. తర్వాత కిందకొచ్చి, పైడమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ చెప్పాడు.

“చూడండి బాబూ, ఈ దారిలో అన్నిటికంటే ఎత్తైంది మీ కొండే. పద్దెనిమిది వందల ఎనభై అడుగులు. దానికి ఇంకో రెండు వేల అడుగులు కలిపి మా కాగితంలో ఒక అంకె వేస్తాం. మబ్బులున్నా, వానున్నా, కొండ అసలు కనపడకపోయినా, ఏ విమానమూ ఆ అంకెకి కిందకి రాకూడదు. అప్పుడు ఎవరికీ ఏమీ తగలదు.”

“రెండు వేలు ఎందుకండీ, రెండడుగులు చాలదా?” అన్నాడు పోలినాయుడు.

“గాలి ఎప్పుడు ఎటు లాగుతుందో తెలీదు కదయ్యా, చోటుండాలి. మొత్తం కలిపాక పై వందకి కూడా సర్దేస్తాం. మూడు వేల ఎనిమిది వందల ఎనభై వచ్చిందనుకో, మూడు వేల తొమ్మిది వందలని రాసేస్తాం.”

“గుప్పెడు కలుపుతారన్నమాట” అంది పైడమ్మ.

“అద్గదీ! సరిగ్గా చెప్పావమ్మా” అన్నాడు జోగారావుగారు. పైడమ్మ మొహం వెలిగిపోయింది. ఆ సంగతి నెల్లాళ్ళు ఊరంతా చెప్పుకుంది.

జీపెక్కబోతూ ఆయన గౌరినాయుడికి తన ఫోన్ నంబరు ఇచ్చాడు. “కొండమీద కొత్తగా ఏది పైకి లేచినా నాకు వెంటనే చెప్పాలి. ఏదైనా సరే” అన్నాడు. పాపం, ఆ ‘ఏదైనా సరే’ ఒక్కటీ అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. “అయ్యా, చీమలపుట్ట రెండు వేళ్ళు లేచిందండి.” మధ్యాహ్నం ఫోన్. “అయ్యా, సున్నం బండమీద కాకి వాలిందండి. ముడుచుకుంటే బెత్తెడు, మెడ చాపితే జానెడు. ఏది రాసుకుంటారు?” సాయంత్రం ఫోన్. “అయ్యా, మా సన్యాసి కొండమీద నించున్నాడండి.”

“నించోవద్దని చెప్పవయ్యా!” అని అరిచాడు జోగారావుగారు.

అంతే. ఆ రోజునుంచి ఆ కొండమీద ఎవరూ నించోలేదు. జీడిపిక్కలు పాకుతూ ఏరారు. కోడళ్ళు ముగ్గురూ వీపున బుట్టలు కట్టుకుని బోర్లా పడుకుని ఏరారు. మేకలకి మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. “మీవల్ల ఏ విమానానికైనా ఏమైనా అయితే నన్నడక్కండి” అని గౌరినాయుడు వాటితో రెండు రోజులు మాట్లాడ్డం మానేశాడు. ఆఫీసరుగారు కూడా అరవడం మానేశాడు. ఫోనొస్తే చాలు, “ఆఁ, రాసుకున్నాను” అని పెట్టేసేవాడు.

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. రాయపూర్‌లో ఉన్న పైడమ్మ కూతురు రవణమ్మకి మగపిల్లాడు పుట్టాడు. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి పుట్టిన పిల్లాడు! పైడమ్మ ఏడ్చింది, నవ్వింది, బియ్యంలో ఆ పూట రెండు గుప్పెళ్ళు కలిపింది. బారసాల ఆ పై వారం శుక్రవారం పెట్టారు. వాళ్ళలో పిల్లాడి చెవిలో పేరు మొదట పలకాల్సింది అమ్మమ్మ. “నువ్వొచ్చి పిలిచేదాకా వీడికి పేరు లేదమ్మా. ఎవర్నీ పిలవనివ్వను” అంది రవణమ్మ ఫోన్లో. తీరా చూస్తే వానలకి కొండరాళ్ళు పట్టాలమీద పడి రైళ్ళు ఆగిపోయాయి. అల్లుడు అప్పలరాజు గురువారం విమానానికి టిక్కెట్టు పంపాడు.

“మూడు వేల తొమ్మిది వందల అడుగులా! ఓలమ్మో!” అని పైడమ్మ గుండె పట్టుకుంది. “అటకెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి కదరా! కొంచెం కిందనుంచి పొమ్మని చెప్పండిరా. ఎక్కితే నా ప్రాణం పోద్ది, ఎక్కకపోతే నా మనవడికి పేరుండదు. ఏటి చేయమంటారు నన్ను?”

తల్లి కళ్ళనీళ్ళు చూసి కొడుకులు తట్టుకోలేకపోయారు. మనసు మాత్రం మంచిది వాళ్ళది, నేను కాదనను. ముగ్గురూ కూచుని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఆఖరికి పోలినాయుడు లేచి, “అన్నా, విమానం అంత ఎత్తుకి ఎందుకు పోతోంది? మన కొండ ఉందని. మరి కొండే పొట్టిదైతే?” అన్నాడు.

గౌరినాయుడు తమ్ముణ్ణి కావిలించుకున్నాడు. ఇంకేముంది, గునపాలు, పారలు, తట్టలు తీసుకుని అందరూ పాకుతూ కొండెక్కారు.

మొదటి రోజు శిఖరం తవ్వి మట్టి పక్కనే పోశారు. సాయంత్రానికి చూస్తే శిఖరం తగ్గింది, కుప్ప దానికంటే ఎత్తుకి లేచింది. రెండో రోజు ఆ కుప్పని ఇటువైపు పోశారు. ఇప్పుడు ఇటువైపు లేచింది. “ఈ మట్టికి బుద్ధి లేదు” అని తిట్టి, మూడో రోజు మొత్తం పక్కనున్న బోడికొండ మీదకి మోశారు. సన్యాసి దూరంగా నిలబడి చూసి లబోదిబోమన్నాడు. “అన్నా, బోడికొండ పెరిగిపోయింది! అదీ దారిలోనే ఉంది కదా!” నాలుగో రోజు మళ్ళీ వెనక్కి మోశారు.

అయిదో రోజు పెద్దకోడలికి ఆలోచన వచ్చి మొగుడితో అంది. “మావా, పైన ఎక్కడ పోసినా లేస్తోంది. అన్నిటికంటే కిందున్న చోటు చూసి పోయాలి.”

అన్నిటికంటే కిందున్నది ఏది? వాళ్ళ బావి. అంతే, తట్టలకి తట్టలు తెచ్చి బావిలో పోశారు. ఆరో రోజుకి కొండ ఆరడుగులు తగ్గింది, బావి నిండింది. “పోన్లే, ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు తాగి సంపాదించిన తెలివి చాలు” అన్నాడు గౌరినాయుడు.

ఇక మిగిలింది సున్నం బండ. దానిమీద ఎత్తు రాసుంది కదా, అది తీసేస్తే ఎత్తు పోయినట్టే అనుకున్నారు. దాన్ని పెకలించి, దొర్లించి, ఎడ్లబండి మీద వేసుకుని సోమవారం పొద్దున్నే పట్నంలో జోగారావుగారి ఆఫీసుకి తీసుకెళ్ళారు. ముగ్గురూ మోసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టారు.

“అయ్యా, మా పద్దెనిమిది వందల ఎనభై అడుగులూ తెచ్చేశామండి. ఇక మీ విమానాన్ని కిందనుంచి పోనివ్వండి” అన్నాడు గౌరినాయుడు.

జోగారావుగారు బండకేసి చూశాడు. వాళ్ళకేసి చూశాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ బండకేసి చూశాడు. అది ఇంకా అక్కడే ఉంది.

“ఎంత పని చేశారయ్యా! గుర్తు పీకేశారు, శిఖరం తవ్వేశారు. ఇప్పుడా కొండ ఎత్తెంతో ఎవరికి తెలుసు? మళ్ళీ కొలవాలి. కొత్త అంకె ఖాయం అయ్యేదాకా ఆ దారిలో ఒక్క విమానం కూడా పోవడానికి వీల్లేదు!”

“గురువారం విమానమో?” అంది సన్యాసి గొంతు, నూతిలోంచి వచ్చినట్టు.

“అదీ లేనట్టే.”

తల్లి కోసమని తవ్వితే తల్లి దారినే తవ్వేసుకున్నారు. గౌరినాయుడు అక్కడే కూలబడి, పిల్లాడి సంగతి, పేరు సంగతి, అటక సంగతి మొత్తం చెప్పుకుని భోరుమన్నాడు. జోగారావుగారికి కోపం కరిగిపోయింది. “ఏడవకయ్యా. రేపే వచ్చి కొలుస్తాను. ఈ లోపల దేన్నీ ముట్టుకోకండి, మీకు దండం పెడతాను” అన్నాడు.

అన్నట్టే మంగళవారం వచ్చాడు. కొలతగీతలున్న పన్నెండడుగుల కర్ర ఒకటి పోలినాయుడి చేతికిచ్చాడు. “దీన్ని శిఖరం మీద నిలువుగా పట్టుకో. నేను చెప్పేదాకా దించకు” అని కిందకి దిగి, దూరంనుంచి సామానులోంచి చూసి లెక్క రాసుకున్నాడు. ఇంతలో దబదబా వాన పడింది. ఆయన సామాను నెత్తిన పెట్టుకుని పరుగున జీపెక్కి వెళ్ళిపోయాడు. కర్ర సంగతి ఎవరికి గుర్తుంటుంది?

బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “గౌరినాయుడూ, కొండ ఆరడుగులు తగ్గింది. అంకె మాత్రం మూడు వేల తొమ్మిది వందలే. పై వందకి సర్దుతాం కదా, మారలేదు. రేపు విమానం పోతుంది, మీ అమ్మని పంపు.”

ఆరు రోజులు తవ్వి, బావి పూడ్చుకుని, బండ మోసుకెళ్తే ఒక్క అడుగు తగ్గలేదన్నమాట! గౌరినాయుడు, సన్యాసి తలలు దించుకున్నారు. పైడమ్మే వాళ్ళని ఓదార్చింది. “అది గుప్పెడురా. ఎంత తీసినా పోదు. నేనెళ్తాను. పేరు లేకుండా ఆ పిల్లాడు ఎన్నాళ్ళుంటాడు?”

“అయితే ఒక పని చేయమ్మా. విమానం ఎక్కగానే కళ్ళు మూసుకో. కనపడకపోతే ఎత్తుండదు. నేను చెప్పేదాకా తెరవకు” అన్నాడు గౌరినాయుడు.

“అలాగే నాయనా” అంది పైడమ్మ.

గురువారం పొద్దున్న గౌరినాయుడు తల్లిని విమానం దగ్గర దింపాడు. మెట్లెక్కుతూనే ఆవిడ కళ్ళు మూసేసింది. లోపల ఒకమ్మాయి బెల్టు కడుతూ, “అమ్మా, పడుకున్నారా?” అనడిగింది. “లేదమ్మా, ఎగురుతున్నాను” అంది పైడమ్మ. విమానం అప్పటికింకా కదల్లేదు.

ఇక్కడ కొండమీద ఏం జరిగిందో వినండి. తల్లి విమానం చూద్దామని సన్యాసి, ముగ్గురు కోడళ్ళూ పాకుతూ శిఖరానికెళ్ళారు. అక్కడ పోలినాయుడు నించునే ఉన్నాడు! మంగళవారంనుంచి కర్ర పట్టుకుని, కదలకుండా, మెదలకుండా. పెళ్ళాం రోజూ అన్నం తెచ్చి తినిపించి, నెత్తిన గోనెపట్టా వేసి పోతోంది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు సన్యాసి కర్ర కొసకేసి చూసి కెవ్వుమన్నాడు.

“ఓరి నాయనో! అన్నా, పన్నెండడుగులు లేచింది! అమ్మ విమానం వస్తోంది, కర్ర దించు!”

“ఆఫీసరుగారు చెప్పలేదురా” అన్నాడు పోలినాయుడు ఏడుపు గొంతుతో.

“అమ్మకి తగుల్తుంది అన్నా!”

“నాకు మాత్రం తెలీదా? దించమని చెప్పలేదు మరి!”

చేతులు పిసుక్కుంటే ఏం లాభం? ఫోన్ చూస్తే గౌరినాయుడి దగ్గరుంది. అప్పుడు పోలినాయుడి పెళ్ళామే తెలివి చూపించింది. “కర్ర దించొద్దన్నారు గానీ కొండ దించొద్దనలేదు కదా? ఈయన కింద తవ్వేద్దాం!”

అంతే! నలుగురూ అతని కాళ్ళకింద తవ్వడం మొదలుపెట్టారు. వానకి నానిన మట్టి, గబగబా వచ్చేసింది. పోలినాయుడు కర్ర నిలువుగా పట్టుకునే మోకాళ్ళదాకా దిగాడు, నడుందాకా దిగాడు, మెడదాకా దిగాడు. ఇంతలో చప్పుడు వినిపించింది. నలుగురూ బోర్లా పడుకున్నారు. కర్ర సగం ఇంకా పైనే ఉంది. విమానం ఎక్కడో మబ్బుల పక్కన బియ్యపుగింజంత కనిపించి వెళ్ళిపోయింది.

“చూశారా! మనం తవ్వబట్టి ఎంత ఎత్తునుంచి పోయిందో!” అన్నాడు సన్యాసి చెమట తుడుచుకుంటూ. తవ్విన మట్టి పక్కనే పోశారు. అది ఎంత లేచిందో వాళ్ళు చూడలేదు, మీరూ అడక్కండి.

రాయపూర్‌లో విమానం దిగింది. అల్లుడు చెయ్యి పట్టుకుని అత్తగారిని ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళు తెరవలేదు. అన్నం తింది, పడుకుంది, లేచింది, కళ్ళు మాత్రం తెరవలేదు. శుక్రవారం చుట్టాలంతా వచ్చారు. పిల్లాణ్ణి తెచ్చి పైడమ్మ ఒళ్ళో పెట్టారు. ఆవిడ వేళ్ళతో వాడి నుదురు తడిమింది, ముక్కు తడిమింది, కాలివేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. మూసిన రెప్పలకిందనుంచి కన్నీళ్ళు కారిపోయాయి. “ముక్కు మా ఆయనదేనే” అంది.

“అమ్మా, ఒక్కసారి చూడవే వాణ్ణి! పేరు పెట్టే వేళ దాటిపోతోంది!” అంది రవణమ్మ ఏడుస్తూ.

“చూడాలని నాకు లేదా తల్లీ? మీ పెద్దన్న తెరవమనలేదే! వాడి మొహం చూడకుండా పేరెలా పెట్టను?”

అప్పలరాజు దుప్పివలసకి ఫోన్ చేశాడు. “తెరవమనే చెప్పాలనుంది బావా. కానీ విమానం కొండ దాటిందని ఆఫీసరుగారు ఇంకా చెప్పలేదు, మా పోలినాయుణ్ణి కొండమీద కర్ర దించమనీ చెప్పలేదు” అన్నాడు గౌరినాయుడు. అప్పలరాజు పళ్ళు నూరుకుని నంబరు అడిగి జోగారావుగారికి ఫోన్ చేశాడు. ఆయన అంతా విన్నాడు. తర్వాత ఒక్క అరుపు. “దాటిందయ్యా, నిన్ననే దాటింది! ఆవిణ్ణి కళ్ళు తెరవమను! వాణ్ణి కర్ర దించమను!”

ఆ మాట గౌరినాయుడికి చేరింది. అతను తల్లికి ఫోన్లో “తెరువమ్మా” అన్నాడు. కొండకేసి తిరిగి “దించరా” అని కేకేశాడు. గోతిలో పోలినాయుడు కర్ర దించాడు. పైకి రమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని అక్కడే కూచున్నాడు.

పైడమ్మ కళ్ళు తెరిచింది. పిల్లాడు కూడా కళ్ళు విప్పి ఆవిడకేసి చూశాడు. ఆవిడ వాడి చెవి దగ్గర నోరు పెట్టి, “లోహితూ, లోహితూ, లోహితూ” అని మూడుసార్లు పిలిచింది. ఇంట్లో అందరి కళ్ళూ తడిశాయి. ఆ సంబరంలో ఆవిడ మనవణ్ణి రెండు చేతులతో తలమీదకి ఎత్తేసింది.

ఎత్తి, ఠక్కున ఆగిపోయింది. “ఓలమ్మో!” అని వాణ్ణి గుండెలకి హత్తుకుని, “ఆ ఫోనిలా ఇయ్యి అల్లుడూ” అంది.

జోగారావుగారు అప్పుడే అన్నం ముందు కూచున్నాడు.

“నాయనా, నేను పైడమ్మని. ఇక్కడ మా మనవడు లేచాడు. మొన్నటిదాకా విమానాన్ని కిందనుంచి పొమ్మన్నాను కదా, ఆ మాట మర్చిపో. అన్నిటినీ ఇంకాస్త పైనుంచి పొమ్మను. నాకు కళ్ళు తిరిగితే తిరిగాయి, ఆ పాట్లేవో నేను పడతాను. వీడికి మాత్రం తగలకూడదు.”

జోగారావుగారు కంచం పక్కకి జరిపి కాగితం తీసుకున్నాడు. “ఎంత లేచాడమ్మా?” అన్నాడు మెత్తగా.

“నా తల పైన రెండున్నర జానలు.”

“రాసుకున్నాను.”

“గుప్పెడు కలిపావా?”

“కలిపానమ్మా.”

పైడమ్మ గుండె కుదుటపడింది. ఇక భయం లేదని మనవణ్ణి మళ్ళీ పైకెత్తింది. అంతలో, అంత ఎత్తున పసివాడికి కళ్ళు తిరగవూ అని గుర్తొచ్చింది. వాణ్ణి ఒళ్ళోకి దించి, అరచెయ్యి వాడి కళ్ళకి అడ్డం పెట్టి, “నేను చెప్పేదాకా తెరవకు నాయనా” అని చెప్పి, మళ్ళీ ఎత్తింది.

చెప్పడం మర్చిపోయింది. పాలు తాగి పిల్లాడు హాయిగా నిద్రపోయాడు, సాయంత్రందాకా కళ్ళు తెరవలేదు. పైడమ్మ వచ్చిన చుట్టాలందరినీ పిలిచి చూపించింది. “చూశారా, పేరు పెట్టి పూట కాలేదు. మా ఇంటి తెలివి అప్పుడే వచ్చేసింది!”